జిగురు

పిండి సాగింది.

రొట్టెల దుకాణం ఆవిడ గిన్నెలోంచి చెయ్యి పైకి తీస్తే, చేతితోపాటు పిండి కూడా సాగుతూ పైకొచ్చింది. ఆవిడకు సంతోషం పట్టలేదు.

"ఒసేయ్, ఇటు రావే! ఎలా సాగుతోందో చూడు!" అని చెల్లెల్ని కేకేసింది.

"దిష్టి తగులుతుంది, మూత పెట్టక్కా," అంది చెల్లెలు నవ్వుతూ.

ఆవిడ సంబరం ఊరికే కాదు. ఆ దుకాణంలో చేసేవన్నీ గోధుమ పడనివాళ్ళ కోసం గోధుమ లేని రొట్టెలే. ఆ పిండి ఒక పట్టాన మాట వినదు. ముద్ద కట్టమంటే జారుతుంది, పొంగమంటే పగులుతుంది. ఇన్నాళ్ళూ బియ్యప్పిండికి కర్రపెండలం పిండి తోడిచ్చి ఎలాగో నెట్టుకొచ్చింది. అది కాస్తా బజారులో దొరక్కుండా పోయింది. దాని బదులు బంగాళదుంప పిండి వేస్తే కోసేలోపే పొడిపొడిగా రాలింది. మొక్కజొన్న పిండి వేస్తే ఇటుకరాయి అయి కూర్చుంది.

చివరికి నిన్న ఒక కొత్త వ్యాపారికి ఫోన్ చేసి, "కాస్త జిగురుండే పిండి ఏదైనా పంపండి బాబూ, మీకు పుణ్యముంటుంది," అని బతిమాలింది. తెల్లటి బస్తా ఒకటి దిగింది.

రొట్టెలు పసిపిల్లల బుగ్గల్లా పొంగాయి. ఇక దుకాణం నిలబడినట్టే అనుకుంది ఆవిడ. నిలబడాలి మరి, అక్కాచెల్లెళ్ళిద్దరికీ అదే ఆధారం.

తలుపు తీయగానే పెద్దాయన వచ్చాడు.

దుకాణానికి పట్టిన పీడ ఈయనే అని ఆవిడ గట్టి నమ్మకం. రోజూ అందరికంటే ముందు వస్తాడు. ఒకే ఒక్క చిన్న రొట్టె కొంటాడు. బెంచీ మీద కూర్చుని నమిలి నమిలి తింటాడు. తిన్నాక లేవడు. చేతులు కట్టుకుని అలా వీధిలోకి చూస్తూ ఉంటాడు. ఆయన ఉన్నంతసేపూ ఒక్క నరపురుగు లోపలికి రాదు. ఆయన లేచి వీధి మలుపు తిరిగాడో లేదో, పిల్లల్ని చంకనేసుకుని తల్లులు బిలబిలమంటూ వచ్చేస్తారు. రోజూ కళ్ళారా చూస్తూ నమ్మక ఏం చేస్తుంది?

చెల్లెలు ఆయనకి 'బెంచీ దొరగారు' అని పేరు కూడా పెట్టింది.

"బాగా పొంగిందే! పిండి మార్చావా అమ్మా?" అన్నాడు ఆయన.

"ఆఁ, మార్చాను."

"అయితే ఇవాళ పెద్ద ముక్కే తినాలి," అంటూ పొట్లం అందుకుని బెంచీ వైపు నడిచాడు.

"బాబాయిగారూ, ఇక మీదట అక్కడ కూర్చోకండి."

"ఏమ్మా?"

"ఏమ్మా అంటే ఏం చెప్పను? మీరుంటే బేరాలు రావడం లేదు. మీ మొహం చూసి, వచ్చేవాళ్ళు కూడా వెనక్కి పోతున్నారు."

చెల్లెలు "అక్కా!" అని మోచెయ్యి పట్టుకుని లాగింది. అప్పటికే మాట జారిపోయింది.

పెద్దాయన మొహం చిన్నబోయింది. ఏదో చెప్పబోయి మానేశాడు.

"అలాగేనమ్మా. ఎదురుగా బస్టాపులో కూర్చుంటాలే. నీ దుకాణం బాగుండాలి," అని వీధి దాటాడు.

ఆవిడ బెంచీ శుభ్రంగా తుడిచి, గుమ్మం వైపు కళ్ళప్పగించి నిలబడింది.

ఎవరూ రాలేదు. రోజూ వచ్చే వేళ కూడా దాటిపోయింది. రొట్టెలు చల్లారాయి.

"బెంచీ ఖాళీ అయింది కదా! ఇంకా ఏం రోగం వీళ్ళకి?" అంటూ ఆవిడ వీధిలోకి తొంగిచూసింది.

బస్టాపు దగ్గర గుంపు. అందరూ తన దగ్గర కొనే తల్లులే.

ఆవిడ ఒక్క పరుగున వీధి దాటింది.

పెద్దాయన కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతున్నాడు. చొక్కా నిండా వాంతి. ఒకామె ఆయన తలను ఒళ్ళో పెట్టుకుని నీళ్ళు తాగించబోతోంది. పక్కన నేల మీద సగం తిన్న రొట్టె పడి ఉంది.

ఆవిడ దాన్ని తీసి రెండు చేతులా లాగింది. అది పొడిగా రాలలేదు. సాగింది.

గోధుమ లేని రొట్టె అలా సాగదు. అది ఆవిడకు తెలియని సంగతేమీ కాదు. పొద్దుటి సంబరంలో తట్టలేదంతే. వెంటనే వ్యాపారికి ఫోన్ చేసింది.

"అదేంటమ్మా, జిగురు కావాలన్నారు కదా! మైదా కలపకపోతే జిగురెక్కడి నుంచి వస్తుంది?" అన్నాడు అతను.

ఈలోగా అంబులెన్స్ వచ్చి పెద్దాయనను ఎక్కించుకుంది. "బాబాయిగారూ!" అని ఆవిడ పిలిచింది. ఆయన కళ్ళు తెరవలేదు. బండి తలుపులు మూసుకున్నాయి.

"ఆయనకి గోధుమ పడదా? నాతో ఒక్కసారైనా అనలేదే!"

"పడదు. మా పిల్లలకంటే ఎక్కువ. ఇసుమంత తగిలినా చాలు," అంది నీళ్ళు పట్టిన తల్లి.

"మీ నాన్నగారా?"

"మాలో ఎవరికీ ఏమీ కాడు."

"మరి... మీరంతా ఆయన్ని చూసేగా నా దుకాణానికి రానిది?"

ఆ తల్లి ఆవిడ వైపు వింతగా చూసింది.

"రానిదేంటి? ఆయన్ని చూసుకునే వచ్చేవాళ్ళం. నువ్వు నొచ్చుకుంటావని నీతో చెప్పనివ్వలేదు గానీ, రోజూ మా పిల్లల కంటే ముందు నీ రొట్టె ఆయన తిని, తనకేమీ కాలేదని తేలాకే లేచి, మలుపులో నిలబడ్డ మాకు 'ఇక వెళ్ళండమ్మా' అని చెప్పేవాడు."