మోటారుకు కట్టిన తాడు

నీళ్లోడుతున్న బట్టలతోనే ఎర్రయ్య జంగ్లీఘాట్ రేవులో అందరి ముందూ బావమరిది ప్రేమయ్య చొక్కా పట్టుకున్నాడు.

“కొత్త మోటారు సముద్రం పాలు చేసినావు కదరా! పడవ వెనక పలకకి బిగించినప్పుడే, మరలు వదులైనా మునిగిపోకుండా దానికి తాడు కట్టినాను. ఆ తాడెందుకు విప్పినావ్?”

“అవసరపడింది బావా.”

“మోటారు కంటే అవసరమేట్రా, పాగల్! తెచ్చి వారం కాలేదు.”

ప్రేమయ్య ఆ చేతిని విదిలించి కొట్టాడు. అప్పటిదాకా అణచుకున్న కోపమంతా గొంతులోకి వచ్చింది.

“కెరటం కొడితే నీళ్లలో పడ్డావు. నువ్వు మునిగిపోతంటే ఇసరడానికి పడవలో ఇంకో తాడేదీ? అదే విప్పి ఇసిరినాను.”

ఎర్రయ్య మళ్లీ నోరు తెరవబోయాడు.

“ముందు నీ నడుముకున్న ఆ తాడు విప్పు బావా. తర్వాత తిట్టు.”