అయిదొందల అడుగుల కింద

బడి వార్షికోత్సవానికి పిల్లలు తామే అల్లుకున్న బోరుబావి నాటకాన్ని మా వాకిట్లో వేసి చూసుకుంటున్నారు. మా బావగారి కొడుకు కృపాకర్ అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీటి జాడ పట్టాడు. మిగతావాళ్లంతా గుర్రుమంటూ బోరుబండి అయ్యారు. కదలకుండా పడుకోవాల్సి వస్తుందని నీళ్ల వేషానికి మాత్రం ఎవరూ ఒప్పుకోలేదు.

"సిన్నమ్మా, నువ్వే నీళ్లు. సప్పుడు సెయ్యకుండ ఉండుడు నీకే వస్తది. అయిదొందల అడుగులకు ఎగిరి, నీళ్లొచ్చినయని ఒర్రాలె!" అన్నాడు కృపాకర్.

పెళ్లయి వచ్చాక ఈ ఇంట్లో నేను గట్టిగా తుమ్మింది కూడా లేదు. అత్త పత్తి ఏరడానికి పోయిందన్న ధైర్యంతో నీలం చీర కప్పుకుని పడుకున్నాను.

"మూడొందలు... దుమ్మే!"

"నాలుగొందలు... గిది గూడ దుమ్మే!"

నవ్వు ఆపుకోలేక చీర కొరుక్కుంటుంటే గేటు చప్పుడైంది. అత్త దగ్గు వినిపించింది. నా గుండె ఆగింది గానీ బోరుబండి ఆగలేదు.

"అయిదొందలు! లే సిన్నమ్మా!"

కళ్లు మూసుకుని ఎగిరాను. "నీళ్లొచ్చినయ్!" అన్న నా అరుపుకు కోళ్లు గోడెక్కాయి.

కళ్లు తెరిచేసరికి అత్త చెప్పులైనా విప్పకుండా, గేటు పక్కనున్న ఖాళీ బిందె అందుకుని ఉరికొస్తోంది.

"జరుగుర్రి పోరగాండ్లు, మొదటి బిందె నాది!"

బిందె నా ముందు పెట్టి లోపలికి తొంగిచూసింది.

"సగం గూడ నిండలే. మల్ల ఒర్రు!"