దండ నమిలిన దున్న

ఆ అడవిలో ఓట్లు వేసి పెద్దను ఎన్నుకునే ఆనవాయితీ ఉంది. ఈసారి చుక్కమ్మ అనే జింక గెలిచింది. గెలిచిన మర్నాడే ముసలి అడవిదున్న కాటయ్యకు మడుగు గట్టున సన్మానం పెట్టించింది. తోడేళ్ళు మీద పడ్డప్పుడల్లా అడ్డం నిలిచి అందరినీ కాచినవాడు కాటయ్య. ఆ పోరులోనే అతని కాలు అవిటిదైంది.

తామరపూల దండ వేసి చుక్కమ్మ ఉపన్యాసం అందుకుంది. త్యాగమనీ ధైర్యమనీ ఎండ నడినెత్తికి వచ్చేదాకా ఆపలేదు. తీరా చూస్తే కాటయ్య మెడలో దండ లేదు. నమిలేస్తున్నాడు.

"ఏం తాతా, ఆకలేస్తోందా?"

"దాహం తల్లీ. ఈ గట్టు నిటారుగా ఉంది, కుంటికాలితో దిగలేను. పైన గుంటల్లో తాగేవాణ్ణి, అవీ ఎండిపోయాయి. ఈ పూలలో కాస్త తడి ఉంది."

చుక్కమ్మ అతని మొహంలోకి చూడలేకపోయింది. మిగిలిన ఉపన్యాసం మింగేసి, అడవిపందులను పిలిచి గట్టును వాలుగా తవ్వించింది. తనూ గిట్టలతో మట్టి తోసింది. కాటయ్య దిగి తాగేదాకా ఎవరూ నీళ్ళలో మూతి పెట్టలేదు.

అతను కడుపునిండా తాగి తలెత్తాడు.

"మీరంతా తాగుతున్నంతసేపూ నేను తోడేళ్ళు వస్తాయేమోనని అడవివైపే చూస్తూ ఉండేవాణ్ణి. ఈ నీళ్ళను ఇంత తీరిగ్గా ఎప్పుడూ చూడలేదు. చల్లగా ఉండు తల్లీ."

"ఇంకాసేపు చూడు తాతా," అంటూ చుక్కమ్మ మడుగుకు వీపు తిప్పి, అడవివైపు చూస్తూ నిలబడింది.