చిలక తప్పు

సాయంత్రం ఏడింటికి విమానం ఎక్కాల్సిన రెడ్డెమ్మకు, పొద్దున ఏడింటికి తన రేకు పెట్టెలో పాస్‌పోర్టు కనిపించలేదు.

రాత్రి తనే పెట్టింది. చీర మడతలో, టిక్కెట్టు పక్కన. టిక్కెట్టు ఉంది. పాస్‌పోర్టు లేదు. పెట్టెకు తాళం లేదు. కువైట్‌లో, జహ్రా పట్నంలోని ఆ ఇంట్లో పదిహేనేళ్లుగా పనిచేస్తున్నా తాళం అవసరమే పడలేదు.

చీరలన్నీ దులిపింది. పరుపు ఎత్తింది. ఇక తిరిగి రాకుండా ఊరికి పోతూ కట్టిన అట్టపెట్టె కూడా విప్పింది.

"ఏం వెతుకుతాండావు రెడ్డెమ్మా?"

గుమ్మంలో నూరా. ఆ కువైటీ ఇంటి చిన్నకూతురు. పద్దెనిమిదేళ్లు. మూడో ఏటినుంచి రెడ్డెమ్మ కలిపి పెట్టిన ముద్దలు తిని పెరిగింది కాబట్టి అరబ్బీతో పాటు కడప యాస కూడా వచ్చేసింది. ఈరోజు పది గంటలకు మెడికల్ కాలేజీలో సీటుకు ఇంటర్వ్యూ. ఫైలును గుండెకు హత్తుకుని నిలబడి ఉంది.

"పాస్‌పోర్టు మే. రాత్రి మీ నాయన బీరువాలోంచి తీసిచ్చినాడు గదా. కనపడల్యా."

"దొరక్కపోతే?"

"దొరక్కపోతే ఏముంది, పోలేను. రేపు ఎల్లుండిలో మా ఎంకటేశ్వరికి కాన్పు చేస్తారంట. మొదటి బిడ్డ దక్కలేదు. నేనొస్తేనే ఆసుపత్రికి పోతానని మొండికేసి కూచోనుంది."

నూరా వంగి మంచం కింద చూసింది. బీరువా వెనక చూసింది. తర్వాత గడియారం చూసుకుంది.

"నువ్వు రాకపోతే నేను ఇంటర్వ్యూకు పోను."

"ఈ గడబిడలోనా?"

"మాటిచ్చినావు."

ఇచ్చింది నిజమే. రెడ్డెమ్మ కొంగు సర్దుకుని బండెక్కింది.

నెల రోజులుగా నూరాకు ఇంటర్వ్యూ చేసేది రెడ్డెమ్మే. చివర్లో తప్పకుండా అడుగుతారనుకున్న మూడు ప్రశ్నలను నూరా తెలుగులో చెబితే ఆమె బట్టీ పట్టింది. రెడ్డెమ్మకు అర్థమయ్యేలా జవాబు చెప్పగలిగితే ఎవరికైనా చెప్పగలనని నూరా ధీమా.

"ఒకటి. డాక్టరే ఎందుకు కావాలనుకున్యావు?" బండి పెద్దరోడ్డు ఎక్కగానే రెడ్డెమ్మ మొదలుపెట్టింది.

నూరా తడబడకుండా చెప్పింది.

"రెండు. నువ్వు చేసిన తప్పు ఒకటి చెప్పు."

"మా చిలకకు నీళ్లు పెట్టేది మరిచిపోయినా. అది చచ్చిపోయింది. అప్పట్నుంచి ప్రతి పనీ రాసిపెట్టుకుంటాండా."

ముందు సీట్లో డ్రైవర్ అన్వర్ బాషా కిసుక్కున నవ్వాడు. అతనిది రాయచోటి.

"నగతావేంది బాషా?"

"ఆ చిలకకు నీళ్లు పెట్టేదానివి నువ్వు గదక్కా!"

"అదే చెప్తాండా. మరిచిపోయింది నేను, తిట్లు తిన్యింది నేను. ఇప్పుడు ఆ తప్పు గూడా ఈయమ్మే తీసుకునె!" రెడ్డెమ్మ నూరా భుజం మీద చిన్నగా కొట్టింది. "నీదంటూ ఒక్క తప్పు లేదా మే?"

నూరా నవ్వలేదు.

"ఆ ఫైలు ఇట్లియ్యి. చెమటకు తడుస్తాంది."

"వద్దు. నేనే పట్టుకుంటా."

బడికి పోయే రోజులనుంచీ నూరా సంచీ మోసింది రెడ్డెమ్మే. పిల్ల పెద్దదైపోయింది అనుకుంది.

"సరే, మూడు. మమ్మల్ని అడగాల్సింది ఏమన్నా ఉందా?"

నూరా కిటికీలోంచి బయటికి చూసింది. "పాస్‌పోర్టు పోతే ఏం చేస్తారు?"

"ఎంబసీలో కాగితం రాసిస్తారు. వారం పడతాది. పది రోజులు గూడా పట్టచ్చు," అన్నాడు అన్వర్.

కాలేజీ ముందు బండి ఆగింది. నూరా ఫైలుతో లోపలికి వెళ్లింది.

ఆమె కనుమరుగయ్యేదాకా ఆగి అన్వర్ వెనక్కి తిరిగాడు. "మామా తీసింటాది అక్కా. ఇంకెవురు? రంజాన్ అయినాక పోదువులే అని ఎన్నిసార్లు అనలేదు?"

మామా అంటే ఆ ఇంటి యజమానురాలు, నూరా తల్లి. రెడ్డెమ్మకూ అదే అనుమానం. పొద్దున మామా ఎదురుపడి కూడా పలకరించలేదు.

"అడుగు," అన్నాడు అన్వర్.

"ఎట్లడిగేది? పదిహేనేండ్లు అన్నం తిన్న ఇల్లు. నువ్వు తీసినావా అని ఏ నోటితో అడిగేది?"

"ఈ దేశంలో ఉండేదానికిచ్చిన ఇఖామా గూడా రద్దయిపాయె. ఈడ ఉండలేవు, ఆడికి పోలేవు."

"కాళ్లు పట్టుకుంటా. దయ తలిస్తే ఇస్తాది."

ఫోన్ మోగింది. వెంకటేశ్వరి. ఐదేళ్లప్పుడు వదిలిపెట్టి వచ్చిన కూతురు.

"అమ్మా, బయల్దేరినావా?"

"బయల్దేరినట్టే," అంది రెడ్డెమ్మ. ఇంకో ప్రశ్న రాకముందే ఫోన్ పెట్టేసింది.

నలభై నిమిషాలకు నూరా బయటికొచ్చింది. ముఖం పాలిపోయింది. నడక మాత్రం నిదానంగా ఉంది.

"ఎట్ల జరిగింది మే?"

"చివరిదాకా బాగానే జరిగింది."

"చివర?"

"రెండోది అడిగినారు. అచ్చం నువ్వు అడిగినట్టే."

"చిలక కత చెప్పినావా?"

"లేదు. వేరేది చెప్పినా. ముగ్గురూ పెన్నులు కింద పెట్టేసినారు. అయితే ఇంకా ఇక్కడెందుకు కూచున్నావు, వెళ్లు అన్నారు."

రెడ్డెమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "అయ్యో నా తల్లీ, సీటు పోగొట్టుకున్యావా! ఆ చిలకనే చెప్పింటే అయిపోయేది గదా?"

"చిలక తప్పు నీది రెడ్డెమ్మా." నూరా పొద్దుటినుంచి వదలని ఫైలును ఆమె చేతుల్లో పెట్టింది. "నేను నాది చెప్పినా."

"నీదేముంది మే?"

"నీ పాస్‌పోర్టు తీసింది నేనే."