రెండు నిమిషాల జైలు

"తలుపు తియ్యండి! నా బిడ్డని ఎందుకు లోపల పెట్టారు?"

అద్దం గోడను అరచేత్తో దబదబా బాదుతోంది దర్జీ ఆవిడ. కొట్టు నుంచి తిన్నగా వచ్చేసిందేమో, మెడలో కొలతల టేపు ఇంకా వేలాడుతూనే ఉంది. అద్దానికి అవతల, గూడులా కట్టిన చిన్న గదిలో, వీపు మీద ఏడో నంబరున్న నీలం చొక్కా ఒకటి బల్ల మీద కూర్చుని రొప్పుతోంది.

నీలం చొక్కా, ఏడో నంబరు. పొద్దున కూతురు చెప్పి వెళ్లిన ఆనవాలు అదే. మొన్న పిల్ల మోకాలి కింద కమిలిన మచ్చ చూసినప్పటి నుంచి ఆవిడకు కంటి మీద కునుకు లేదు. ఈ మంచు మీద హాకీ మనకొద్దని, ఆట మధ్యలోనైనా సరే చెయ్యి పట్టుకుని లాక్కుపోదామనే వచ్చింది. తీరా చూస్తే ఇక్కడ ఏకంగా బంధించి కూర్చోబెట్టారు!

"అది జైలు కాదమ్మా, పెనాల్టీ బాక్స్," అన్నాడు పక్క బెంచీ మీది పెద్దాయన. అక్కడి ఆటగాళ్ల స్కేట్లకు సాన పట్టేది ఆయనే. "కర్రతో ఎదుటివాళ్ల కాలికి అడ్డం పెడితే రెండు నిమిషాలు అందులో కూర్చోవాలి."

"నా బిడ్డ ఎవరి కాలికీ అడ్డం పెట్టే రకం కాదు."

"నేను చూశానమ్మా."

"మీరు సరిగ్గా చూసి ఉండరు. పోనీ, క్షమాపణ చెబితే వదిలేస్తారా?"

"ఎవరూ వదలరు. ఆ గడియారమే వదలాలి."

ఆవిడ అద్దానికి ముక్కు ఆనించి, "బంగారం! పొద్దున ఏమైనా తిన్నావా?" అని కేకేసింది. ఏడో నంబరు ఇటు తిరిగింది. హెల్మెట్‌కి ముందు ఇనప జాలీ, ఒంటినిండా మెత్తలు. ఆ మెత్తల పుణ్యమా అని మనిషి రెండింతలు కనిపిస్తోంది. ఒక్క క్షణం తెల్లబోయినట్టు చూసి, మెల్లగా తలూపింది.

ఆవిడ ప్రాణం కాస్త కుదుటపడింది. బెంచీ మీద కూలబడింది.

"మరి మనవాళ్లు నలుగురే పరిగెడుతున్నారేం బాబాయ్? అటువైపు అయిదుగురున్నారు."

"ఒకరు బాక్సులో ఉన్నారుగా. ఈ రెండు నిమిషాలూ వాళ్లకి పవర్ ప్లే. స్కోరు చెరి రెండు. ఇప్పుడు గోల్ కొట్టారంటే మన పని అయిపోయినట్టే."

"అంటే నా బిడ్డ వల్లే ఓడిపోతామా?"

"ఉండమ్మా, ఇంకా ఓడిపోలేదు."

అప్పుడే నీలం చొక్కా ఒకరు నల్ల రబ్బరు బిళ్లను, అదే పక్‌ని, ఈ కొస నుంచి ఆ కొసకు విసిరికొట్టారు.

"అలా కొట్టడం మామూలుగా అయితే తప్పు. ఐసింగ్ అంటారు," అన్నాడు పెద్దాయన. "మన గుమ్మంలో చెత్త ఊడ్చి పక్కింటి గుమ్మంలోకి తోసినట్టు. వెంటనే ఆట ఆపేస్తారు."

"మరి ఆపలేదే!"

"మనిషి తక్కువగా ఉన్న జట్టుకి అది మాఫీ."

"అదీ న్యాయమంటే," అందావిడ సంతృప్తిగా. "ఆ నీలం గీతలెందుకు?"

"బిళ్ల కంటే ముందు మనిషి ఆ గీత దాటి వాళ్ల వైపు వెళ్తే ఆఫ్‌సైడ్."

"పిలవకుండా ఇంట్లోకి దూరినట్టా?"

"అంతే! నీకు భలే పట్టుబడిందమ్మా."

ఇక ఆవిడ కూర్చోలేకపోయింది. పక్ అటు వెళ్తే అటు, ఇటు వస్తే ఇటు ఊగుతోంది. వల ముందు కాపలా కాసే గోలీ పడిపోతూ ఒక షాట్ ఆపితే లేచి గంతేసింది. ఆ ఊపులో పెద్దాయన టీ ఒలికింది. ఆయన చొక్కా దులుపుకుంటుంటే ఆవిడ చూడనైనా చూడలేదు. గడియారంలో మూడు, రెండు, ఒకటి.

బాక్స్ తలుపు తెరుచుకుంది. ఏడో నంబరు బాణంలా మంచు మీదికి దూకింది. అవతలి కొస నుంచి నీలం జట్టువాళ్లు విసిరిన పక్ గోడ వెంట జారుతూ వస్తోంది. ముందు ఒక్క గోలీ తప్ప అడ్డం ఎవరూ లేరు.

"గీత! గీత చూసుకో!" ఆవిడ గొంతు చించుకుంది. "బిళ్లని ముందు పోనీ!"

పక్ కర్రకు అందింది. ముందు పక్, వెనకే ఏడో నంబరు గీత దాటారు. గోలీ కుడికి ఒరగగానే పక్ ఎడమ నుంచి వలలోకి దూసుకుపోయింది.

ఆవిడ పెద్దాయనను అమాంతం వాటేసుకుంది. ఇంతలో ఆట ముగిసినట్టు హారన్ మోగింది. ఆవిడ మెట్లు దిగి, ఆటగాళ్లు బయటికి వచ్చే దారిలో నిలబడింది. కళ్లు తుడుచుకుంది, మళ్లీ తడిశాయి. ఏడో నంబరు రాగానే రెండు చేతులూ పట్టేసుకుంది.

"నిన్ను ఆట మాన్పిద్దామని వచ్చానే పిచ్చితల్లీ! ఇక మాన్పించను. ఒట్టు. ఎక్కడ ఆడితే అక్కడికి నేనూ వస్తాను. ఆడపిల్లవైనా ఏం ఆడావే!"

ఏడో నంబరు నెమ్మదిగా చేతులు విడిపించుకుని హెల్మెట్ తీసింది. లోపల చెమటతో తడిసిన బట్టతల, నెరిసిన గుబురు మీసం.

"ఇరవై ఏళ్లుగా ఆడుతున్నా, నాకోసం ఇలా అరిచినవాళ్లు ఒక్కరూ లేరు. తప్పకుండా రండమ్మా," అన్నాడాయన గొంతు సవరించుకుని. "ఆడపిల్లల మ్యాచ్ మాత్రం పక్క హాల్లో, ఇంకా మొదలవలేదు."