ఆదివారం కారే కుళాయి

“ఎడమవైపు తిప్పండి. ఎడమంటే మీరు గడియారం పెట్టుకునే చెయ్యి.”

“నేను గడియారం పెట్టుకోనండీ,” అన్నాడు ఫోన్లో అద్దెకున్నాయన.

అక్క ఓపిగ్గా కళ్లజోడు సర్దుకుంది. ఆమె ముందు బల్లమీద ఒక పాత కుళాయి ముక్కలు ముక్కలుగా పరిచి ఉంది. సొంతూళ్లో తన ఇంట్లో అద్దెకున్న మనిషికి, ఈ పరాయి దేశంలో కూర్చుని కుళాయి బాగుచెయ్యడం నేర్పాలని, పాత సామాన్ల అంగట్లో వెతికి మరీ కొనుక్కొచ్చింది. పక్కన కాఫీ చల్లారిపోతోంది.

ఉతికిన బట్టలు మడతపెడుతున్న చెల్లెలు పళ్లు నూరుకుంది. వారానికి ఆరు రోజులు కళ్లజోళ్ల దుకాణంలో నిలబడి నిలబడి అక్క కాళ్లు వాచిపోతాయి. ఉన్నది ఒక్క ఆదివారం. సరిగ్గా పది గంటలకు ఈ మహానుభావుడు తగలడతాడు. రెండేళ్లలో ఒక్క వారం తప్పలేదు. ఒక వారం వంటింటి కుళాయి, ఒక వారం షవరు, ఆ రెండూ బాగుంటే మేడమీది ట్యాంకు.

“గేటు వాల్వు కట్టేసి నీళ్లు ఆపారా?” అడిగింది అక్క.

“అదెక్కడుంటుందండీ?”

“పోయిన నెలేగా చెప్పాను! పెరట్లో, నిమ్మచెట్టు పక్కన.”

“ఆఁ, నిమ్మచెట్టు! ఈసారి విరగబూసిందండీ. మీరు చూస్తే ఎంత సంతోషించేవారో!”

అంతే, కుళాయి సంగతి అటకెక్కింది. మాటలు నిమ్మచెట్టు నుంచి అక్క దగ్గుకీ, దగ్గు నుంచి ఇక్కడి చలికీ, చలి నుంచి ఆయన చిన్నప్పుడు పోగొట్టుకున్న గొడుక్కీ పాకాయి. ముప్పావుగంట తర్వాత ఆయనకి మళ్లీ కుళాయి గుర్తొచ్చింది.

“అన్నట్టు, రబ్బరు వాషరు ఊరికే అరిగిపోతుందండీ, నైలాన్‌ది వేస్తే మన్నుతుంది,” అన్నాడు. వెంటనే ఏదో అడ్డుపడినట్టు దగ్గి, “అని మా పక్కింటాయన అంటున్నాడు,” అన్నాడు.

అక్క ఫోను పెట్టెయ్యగానే చెల్లెలు వచ్చి ఎదురుగా కూర్చుంది.

“అక్కా, నెలాఖరుకి ఒప్పందం అయిపోతోంది. ఈసారి ఈయన్ని సాగనంపేద్దాం. ఏజెంటు ఇంకో కుటుంబాన్ని చూశాడు. మొగుడూ పెళ్లాం ఇద్దరూ టీచర్లు, నోట్లో నాలుక లేని మనుషులట. ఏడాదికి ఒక్క ఫోను కూడా చెయ్యరట.”

“ఒక్కటి కూడానా?” అక్క మొహం చిన్నబోయింది. “అలా నోరు విప్పని వాళ్లని ఎలా నమ్ముతామే?”

“పోనీ, ఈయన్ని ఏం చూసి నమ్ముతున్నావు? ఎడమేదో కుడేదో తెలీదు. పదకొండేళ్లు కడుపు కట్టుకుని కట్టించుకున్న ఇల్లు! ఈయన చేతిలో ఉంటే ఏదో ఒక రోజు వీధిలోకి కొట్టుకుపోతుంది.”

“నేర్చుకుంటున్నారు కదా, పాపం. ఈ షవరు ఫోటో చూడు, ఎంత ముచ్చటగా బిగించారో.”

షవరు నిజంగానే దుకాణంలో పెట్టినట్టు ఉంది. గురువు గట్టిదైతే మొద్దబ్బాయిలు కూడా దారికొస్తారు కాబోలనుకుంది చెల్లెలు.

ఆమెకి అక్కంటే ప్రాణం. తనని చదివించి, పెళ్లి చేసి, పురుడు పోసేసరికి అక్కకి నలభై నిండాయి. తన గురించి ఆలోచించుకునే తీరిక అక్కకి దొరకనే లేదు. ఆ దిగులు చెల్లెల్ని తొలుస్తూనే ఉంటుంది. కనీసం ఆ ఇల్లయినా చెక్కుచెదరకుండా అక్కకి దక్కాలని ఆమె పంతం.

విచిత్రమేమిటంటే, అక్క చదవని కాగితమంటూ ఉండదు. సబ్బు అట్టపెట్టె మీద చీమ తలకాయలంత అక్షరాలు కూడా చదివాకే సబ్బు విప్పుతుంది. చొక్కా కాలరు లోపల కుట్టిన గుడ్డముక్కని కూడా వదలదు. అంతటి మనిషి, మనుషుల్ని చదవడంలో మాత్రం ఇంత అమాయకురాలేమిటో చెల్లెలికి అర్థం కాదు. మొదటి ఒప్పందం నాటికి తను పురిట్లో ఉంది కాబట్టి అంతా అక్కే చూసుకుంది. ఈసారి కాగితాలు తను జల్లెడ పట్టాల్సిందే.

అద్దెకున్నాయన పేరుమీదే ఏజెంటు పంపిన కొత్త ఒప్పందం శనివారం రానే వచ్చింది. ఆదివారం పొద్దున్నే చెల్లెలు దాన్ని ముందేసుకుని కూర్చుంది. ఎక్కడైనా లొసుగు దొరక్కపోతుందా అని ఒక్కో వాక్యం మీదా వేలు పెట్టి చదువుతూ మూడో పేజీకి వచ్చింది.

“అక్కా!”

ఆ కేకకి నిద్రపోతున్న పాప లేచి ఏడుపందుకుంది.

“వృత్తి అన్నచోట ఏముందో చూడు! ప్లంబరట! సొంత దుకాణమట, కింద నలుగురు పనివాళ్లట! ఊళ్లో సగం కుళాయిలు ఈయన బిగించినవే అయ్యుంటాయి. రెండేళ్లుగా నీ చెవిలో పువ్వు పెట్టాడే!”

అక్క పాపని భుజాన వేసుకుని, కళ్లజోడు ముక్కుమీదికి జరుపుకుని ఆ వరుస చూసింది. తర్వాత పెన్ను అందుకుని, ప్రతి పేజీ కిందా తీరిగ్గా సంతకం పెట్టింది.

గోడ గడియారం పది కొట్టింది. ఫోను మోగింది.

“ఇటివ్వు, ఇవాళ ఉతికి ఆరేస్తాను!” అంటూ చెల్లెలు చెయ్యి చాచింది.

అక్క ఫోనుని గుండెకి అదుముకుని వేలు పెదాల మీద పెట్టుకుంది.

“ష్... నాకు తెలుసని ఆయనకి తెలీదు.”