గోడ మీద పదకొండు చుక్కలు

మా ఊళ్లో ఇప్పుడు పొద్దున్నే వేధశాల నుంచి ఇంటింటికీ నక్షత్రాల పట్టీలు వస్తాయి, ఏది దగ్గరో ఏది దూరమో తేల్చి రాయడానికి. ఒక్కో చుక్క వెలుగు వంటింటి గోడ మీద రంగుల పట్టీగా పరుచుకుంటుంది. అందులో నల్లగీతలుంటాయి. ఒకే రంగులో, ఒకేలా మినుకుమనే రెండు చుక్కల్లో గీతలు మందంగా ఉన్నది దగ్గరి చిన్న చుక్క. సన్నంగా ఉన్నది ఎంతో దూరాన మండే మహా నక్షత్రం. ఇది ఊరందరికీ నేర్పింది మా సింహాచలం పెద్దమ్మే. ఆమె చింతపండు గింజలు తీస్తూ చెబుతుంది, నేను రాస్తాను.

ఈ రోజు ఒక ఎర్ర చుక్క వచ్చింది.

"మందం. దగ్గరిదే, రాసెయ్యే," అంది పెద్దమ్మ.

నాకు గీతలు సన్నగా కనిపించాయి. ఆమె కళ్లకు పొర కమ్ముతోందని నెల నుంచీ నా అనుమానం. అది బయటపడితే ఆమెకి ఇక పట్టీలు పంపరు. కలం కింద పెట్టాను.

"ఏటే నర్సీ, రాయవేటి?"

"సన్నంగా ఉన్నాయి పెద్దమ్మా."

ఆమె గోడకి ముక్కు ఆనించి చూసింది. "ఎంత సన్నం?"

"నా తలవెంట్రుకంత."

"అయితే ఎంత దూరమే?"

లెక్క చూసి చెప్పాను. వెలుగు బయల్దేరి ఏడు వేల ఏళ్లు. అసలు కాంతి మన సూర్యుడికి నలభై వేల రెట్లు.

"అంత దూరం నుంచొచ్చినదాన్ని పక్కింటిదని రాయించీబోయానే," అంటూ చేతులు కడుక్కొచ్చింది. "ఈ నెల రాసినవన్నీ మళ్లీ తియ్యి. ఇక నువ్వు సూసి సెప్పు, నాను ఇంటాను."

దగ్గరిదని రాసిన ఒక్కో చుక్కా దూరం జరిగినప్పుడల్లా పెద్దమ్మ గోడ నుంచి ఒక అడుగు వెనక్కి వేసింది. పదకొండో చుక్కకి గుమ్మం దాటి, ఎండలో వాకిట్లో నిలబడి ఉంది.

"ఇంకా ఉన్నాయేటే?" అని అక్కడి నుంచే అడిగింది.